బాబాకు తుపాకీ ఎంచిన రోజు

1998 నవంబరు 13, శుక్రవారం. కువైట్‌లో మిష్రిఫ్. మధ్యాహ్నం అసర్ నమాజు తర్వాత.

హాజరైనవారు: బాబా. బాబా పెద్దకొడుకు. ఆయుధాల దుకాణం మనిషి. చాయ్ తెచ్చిన మన అమ్మాయి. నేను.

పరిశీలించిన వస్తువులు: సైన్యం వాడి వదిలేసిన పాత రైఫిళ్ళు మూడు.

ఆనాటి డైరీలో మొదటి పంక్తులు ఇవి. ఎవరెవరున్నారో ముందు రాసుకుని, ఏం జరిగిందో తర్వాత రాయడం నాకు సైన్యంలో పట్టుబడిన అలవాటు. ఇప్పుడు పనీ పాటా లేదు కాబట్టి పాత డైరీలు ఒక్కొక్కటే తీసి చదువుతున్నాను. కువైట్ సంవత్సరాల డైరీల్లో చాలా పేజీలు ఒకేలా ఉన్నాయి. కారు కడిగాను, పిల్లల్ని బడికి దింపాను, పెట్రోలు పోయించాను. ఈ ఒక్క రోజుకు మాత్రం పేజీ చాలక, అదనంగా రెండు కాగితాలు అంటించాను.

నేను పందొమ్మిదో ఏట సైన్యంలో చేరాను. యుద్ధం చేయలేదు. ఆయుధాల వర్క్‌షాపులో ఆర్మరర్‌ని. చెడిపోయిన రైఫిళ్ళు మా బల్లల మీదికి వస్తాయి, వాటిని విప్పి, చూసి, బాగుచేసి పంపిస్తాం. ఇరవై ఏళ్ళు ఆ పని చేసి పెన్షన్ మీద బయటికి వచ్చిన రెండేళ్ళకు కువైట్ వెళ్ళాను. దొరికిన వీసా ఇంటి డ్రైవరుది. ఆ ఇంటి పెద్దాయనను పనివాళ్ళందరం బాబా అనేవాళ్ళం. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, దాని మీద అదే మాట ఉండేది. ఆ ఇంట్లో నన్ను పిలిచిందీ అదే మాటతో.

గేటు పక్కన నా గది. ఒక మంచం, ఒక ఏసీ, గరాజ్ వైపు తెరుచుకునే ఒక కిటికీ. రోజుకు ఎన్ని మాటలు మాట్లాడుతున్నానో ఒకసారి వారం పాటు లెక్క పెట్టాను. ఒక రోజు మొత్తం ముప్పై ఒక్క మాటలే తేలాయి. వాటిలో సగం పైగా ‘యస్ మామా’లే. మామా అంటే బాబా పెద్దకోడలు. వంటింటి అమ్మాయిలు ఆమెను అలా పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

బాబాకు అప్పటికి డెబ్బై దాటింది. భార్య పోయి ఆరేళ్ళు. కింది అంతస్తులో ఒక గది, ఒక దివానియా ఆయనవి. మగవాళ్ళు వచ్చి కూర్చునే పెద్ద హాలును వాళ్ళు దివానియా అంటారు. ఒకప్పుడు అక్కడ రోజూ ఇరవైమంది కూర్చునేవారట. నేను చేరేనాటికి ముగ్గురు నలుగురు వచ్చేవారు. ఆయన చిన్నతనంలో తండ్రితో కలిసి బొంబాయిలో ఉన్నాడు. ఖర్జూరం, ముత్యాల వ్యాపారం. అందువల్ల ఆయనకు బొంబాయి హిందీ వచ్చు. మా మాటలన్నీ ఆ హిందీలోనే జరిగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ సెప్టెంబరులో ఆయన పిట్టలు కొట్టే తుపాకీ బిగుసుకుపోయింది. దుకాణంలో కొత్త భాగం తెప్పించాలన్నారట. నేను కారు తుడిచే గుడ్డ, కొంచెం కిరోసిన్ తీసుకుని గరాజ్ మెట్టు మీద కూర్చున్నాను. అరగంటలో అది తెరుచుకుంది. బాబా నా ఎదురుగా నిలబడి నా చేతులే చూస్తూ ఉన్నాడు.

“నువ్వు డ్రైవరువి కాదు,” అన్నాడు.

నా సైన్యం సంగతంతా చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన నన్ను ఉస్తాద్ అని పిలిచాడు.

ఆయనకు ముగ్గురు బాల్యస్నేహితులు. ప్రతి డిసెంబరులోనూ చలికొండలున్న దేశానికి దుప్పి వేటకు వెళ్ళేవారు. అక్కడ వేటకు అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది, కాగితాలన్నీ ఒక ఏజెంటు చూసేవాడు. భార్య జబ్బు పడ్డప్పటి నుంచి బాబా వాళ్ళతో వెళ్ళలేదు. ఆ ఏడు వెళ్తానన్నాడు. తుపాకుల సంరక్షణకు నన్ను వెంట తీసుకెళ్తానన్నాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. దాన్ని బయటికి తీసి, ఫోటో చూసి నవ్వి, వీసా కోసం ఏజెంటుకు ఇవ్వడానికి పక్కన పెట్టాడు.

నాకు ఎంత వెళ్ళాలని ఉండిందో ఇప్పుడు దాచుకోవలసిన అవసరం లేదు. ఆ వారమే శుక్రవారం బజారుకు వెళ్ళి ఒక ఉన్ని స్వెట్టరు కొన్నాను. పది రోజులు నేను మళ్ళీ ఆర్మరర్‌గా ఉండబోతున్నాను. రైఫిళ్ళు నా చేతికి వస్తాయి. నలుగురు మనుషులు నన్ను అడిగి పనులు చేస్తారు.

మిగిలింది తుపాకీ కొనడం. స్నేహితులవి దుర్బీను బిగించిన కొత్త వేట రైఫిళ్ళు. అలాంటిది కొనాలంటే బాబా తన కొడుకు సంతకం అడగాలి. కుటుంబ కంపెనీ, డబ్బు వ్యవహారం కొడుకు చేతికి వెళ్ళి చాలాకాలమైంది. అడగకుండా కొనగలిగింది పాత సైనిక రైఫిల్ ఒక్కటే. అందులోనూ మంచివి ఉంటాయి, చూసుకుని తీసుకోవాలి అని నేనే ధైర్యం చెప్పాను.

దుకాణం మనిషి పేషావరువాడు, నా వయసువాడే. వాళ్ళ సైన్యంలో కొన్నాళ్ళు పనిచేశాడు. దుప్పటిలో చుట్టిన మూడు రైఫిళ్ళూ తెచ్చి దివానియా తివాచీ మీద పరిచాడు. లైసెన్సు వచ్చేదాకా ఏదీ ఇంట్లో ఉంచకూడదు. ఈ రోజు చూసుకుని, కావలసిన దాని నంబరు మర్నాడు ఉదయం ఫోనులో చెబితే, ఆ నంబరుతో దరఖాస్తు పెడతారు. అదీ ఏర్పాటు.

బాబా నన్ను సోఫాలో కూర్చోమన్నాడు. ఆరేళ్ళలో నేను ఆ సోఫాలో కూర్చోవడం అదే మొదటిసారి. చాయ్ పళ్ళెంతో మన అమ్మాయి వచ్చింది. మన అమ్మాయి అంటే నర్సాపురం వైపు నుంచి వచ్చిన పనిమనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏంటండీ బాబాయ్‌గారూ, సోఫాలో కూకున్నారు! మామా సూసిందంటే అది కడిగేదాకా నన్ను నిలబెడతాదండి.”

“బాబా కూర్చోమన్నాడమ్మా.”

“ఆయ్, అయితే సరేనండి. తవరికీ ఈ రోజు గ్లాసేనండి, మగ్గు కాదు.”

గ్లాసులు పంచి, రైఫిళ్ళ కేసి చూసి, “దేవుడి బిడ్డలు ఇయ్యన్నీ ఏం చేసుకుంటారండీ,” అంటూ వెళ్ళిపోయింది.

మొదటిది నాకు బాగా తెలిసిన మనిషి లాంటిది. త్రీ నాట్ త్రీ. మా వర్క్‌షాపులో నా చేతుల మీదుగా అవి వేలల్లో వెళ్ళాయి. దుకాణం మనిషి నా మొహం చూశాడు.

“ఏం మిస్త్రీ సాబ్, అత్తారింటి మనిషిని చూసినట్టు చూస్తున్నావు. దీన్ని మీ వాళ్ళూ మోశారు, మా వాళ్ళూ మోశారు.”

“ఒకరి వైపు ఒకరు గురి పెట్టుకుని,” అన్నాను.

“మా గురి బాగుండేది.”

“అందుకే నువ్వు ఇక్కడ దుకాణంలో ఉన్నావు.”

బాబా పెద్దగా నవ్వాడు. ఏం నవ్వుకుంటున్నారని కొడుకు అడిగాడు. అతనికి హిందీ రాదు. బాబా చెప్పలేదు. కొడుకు మళ్ళీ తన మొబైల్ ఫోనులో పడ్డాడు.

ఆ రైఫిల్ చెక్క కొత్తగా మెరుస్తోంది. అలా మెరిస్తే నేను అనుమానిస్తాను. వేలితో మీటుతూ వెళ్ళాను. మెడ దగ్గర చప్పుడు మారింది. వార్నిష్ కింద పగులు ఉంది. బోల్టు పిడి మీద ఒక నంబరు, బాడీ మీద ఇంకో నంబరు. అంటే రెండు వేరు వేరు రైఫిళ్ళను కలిపి ఒకటి చేశారు. అది ప్రమాదమని కాదు, కొలత చూసే గేజులు లేకుండా నమ్మకూడదు.

రెండోది రష్యా వాళ్ళది. గడ్డపార అంత పొడవు. బోల్టు తెరవడానికి అరచేతితో కొట్టాల్సి వచ్చింది. గొట్టం చివర అరిగిపోయి ఉంది. ఒక తూటాను తలకిందులుగా పట్టుకుని దాని మొనను గొట్టం చివర పెడితే, లోపలికి ఇత్తడి దాకా దిగింది. కొత్త గొట్టమైతే అంత దిగదు. ఈ గొట్టంలోంచి వెళ్ళిన తూటా ఎటు పోతుందో దానికే తెలియదు.

మూడోది జర్మనీ నమూనాలో ఇంకో దేశం చేసుకున్నది. చూడ్డానికి అందవిహీనం. చెక్క మీద గాట్లు, ఎవరో మేకుతో గీసిన గీతలు. బోల్టు తీసి, గొట్టం వెనక బొటనవేలి గోరు అడ్డం పెట్టి, కిటికీ వైపు తిప్పి ముందు నుంచి చూశాను. గోరు మీద పడిన వెలుతురు గొట్టంలోకి వచ్చింది. లోపలి మెలికలు పదునుగా, శుభ్రంగా, ఆ చివరి దాకా కనిపించాయి. బోల్టు, బాడీ, మ్యాగజైన్ అడుగు రేకు, అన్నింటి మీదా ఒకటే నంబరు. ట్రిగ్గర్ రెండు మెట్లుగా పడింది, ఆ నమూనాకు అదే సరైన పద్ధతి.

“సైన్యం తూటా దుప్పిని దూసుకుని అవతలికి పోతుంది, పాపం అది గంటల తరబడి పరిగెత్తి చస్తుంది. మెత్తని మొన ఉన్న తూటాలు దొరుకుతాయా దీనికి?” అని అడిగాను.

“దొరుకుతాయి. అడిగిన మొదటివాడివి నువ్వే,” అన్నాడు దుకాణం మనిషి.

మూడు అట్టచీటీలు తీసి, మా వర్క్‌షాపు పద్ధతిలో రాశాను. నంబరు, ఏ భాగం ఎలా ఉంది, చివర సిఫారసు. మొదటి దానికి ‘మరమ్మతు అవసరం’. రెండో దానికి ‘పనికిరాదు’. మూడో దానికి ‘జారీ చేయవచ్చు’. సుతిలి తాడుతో ట్రిగ్గర్ గార్డులకు కట్టాను.

ఇరవై ఏళ్ళలో నా బల్ల మీదికి రైఫిళ్ళు వచ్చాయి కానీ వాటి వెనక మనుషులు రాలేదు. సైన్యంలో రైఫిల్ కొలత ఒకటే. మనిషే దానికి అలవాటు పడాలి. ఆ మధ్యాహ్నం కూడా నేను గంటసేపు మూడు రైఫిళ్ళను చూశాను. కాల్చబోయే మనిషిని చూడలేదు.

బాబా లేచి మూడో రైఫిల్‌ని చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీగా ఉందని నేను చూశాను, దుకాణం మనిషి చూశాడు, మళ్ళీ నేను చూశాను. ఎదురింటి డాబా మీద ఒక నీళ్ళ ట్యాంకు ఉంది. కిటికీలోంచి దాని వైపు గురి పెట్టాడు. రైఫిల్ వెనక చెక్కను కుడి భుజానికి ఆనించాడు. తల మాత్రం చెక్క మీదుగా ఎడమ వైపుకు వాల్చి, మెడ వంకర చేసి, ఎడమ కన్ను గురి చూసే గాడి వెనక్కి తెచ్చుకున్నాడు. గొట్టం చివర సన్నగా ఊగుతోంది.

“దొరికిందా ట్యాంకు?” అన్నాడు దుకాణం మనిషి.

“దొరికింది,” అన్నాడు బాబా.

నేను ఆయన వెనకే ఉన్నాను. గొట్టం ట్యాంకుకు మూడు బారల అవతల ఉన్న టీవీ డిష్ వైపు చూస్తోంది.

దుకాణం మనిషి కూడా చూసే ఉంటాడు. అమ్ముకోవడానికి వచ్చినవాడు, మాట్లాడలేదు. కొడుకు గోడ వైపు తిరిగి ఫోనులో ఉన్నాడు. బాబా రైఫిల్ దించి, సంతోషంగా నా భుజం తట్టాడు.

“ఉస్తాద్! ఇక నాక్కూడా ఒక చీటీ రాసి కట్టెయ్యి.”

అందరూ నవ్వారు.

“మనుషులకు రాసే అధికారం నాకు లేదు బాబా,” అన్నాను.

మూడో రైఫిల్ నంబరు ఒక కాగితం మీద రాసి బాబాకు ఇచ్చాను. దుకాణం మనిషి మూడింటినీ దుప్పటిలో చుట్టుకుని, రేపు పొద్దున్నే ఫోను చెయ్యమని చెప్పి వెళ్ళాడు. గ్లాసులు తీయడానికి వచ్చిన మన అమ్మాయి సోఫాను చేత్తో రెండుసార్లు దులిపింది.

“అయితే ఎల్తున్నారన్నమాట బాబాయ్‌గారూ. ఓ దుప్పి కొమ్ము తెండి నాకు. మా ఊళ్ళో గోడకి తగిలిస్తే పాస్టరుగారు కూడా అదిరిపోవాల.”

తెస్తానన్నాను. అప్పటికే ఆ మాట నాకు నమ్మకంగా రాలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక నా గది తలుపు చప్పుడైంది. మామా ఎక్కడికో వెళ్ళాలంటుందేమోనని తాళాలు తీసుకుని తెరిచాను. బాబా నిలబడి ఉన్నాడు. ఆరేళ్ళలో ఆయన ఆ గదికి రాలేదు. కుర్చీ లేదు. మంచం మీద దుప్పటి సర్దాను. కూర్చుని, గది అంతా ఒకసారి చూశాడు. పెద్దగా చూడ్డానికి ఏమీ లేదు, డైరీలు తప్ప.

“నువ్వు చూశావు,” అన్నాడు.

“చూశాను బాబా.”

“ఏం చూశావు?”

“ట్యాంకు బతికిపోయింది. డిష్‌కి మూడింది.”

నవ్వాడు. నవ్వు ఆగిపోయాక కుడి కంటి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. ఏడాదిగా ఆ కంటికి పాలు పోసినట్టు కనిపిస్తోందట. డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడట. ఎవరికీ చెప్పలేదు.

“అబ్బాయికి చెప్పొచ్చు కదా బాబా.”

“చెబితే రేపటి నుంచి నన్ను వీధి చివర జమియా దుకాణానికి రొట్టె కొనడానికి కూడా పంపడు. ఇంట్లో ఒక కుర్చీ చూపించి కూర్చోమంటాడు.” తర్వాత అడిగాడు: “ఎడమ భుజానికి పెట్టుకుంటే? ఇంకా ఇరవై రోజులుంది. నువ్వు నేర్పిస్తే?”

నా దగ్గర మిగిలిన ఖాళీ చీటీలు బల్ల మీద ఉన్నాయి. ఆయన ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

“రాయి. తియ్యటి మాటలు వద్దు. రైఫిల్‌కి రాసినట్టే రాయి.”

రాయకుండా ఉండవలసింది. కానీ నన్ను ఎవరైనా నా పనిలో నిజం చెప్పమని అడిగి అప్పటికి ఎనిమిదేళ్ళయింది. కలం తీశాను. ఆయన చెయ్యి చాపమన్నాను, వేళ్ళ వణుకు చూశాను. ఒక కన్ను మూయించి గోడ మీది క్యాలెండరు చదివించాను, తర్వాత ఇంకో కన్ను. అన్నీ వరసగా రాశాను. రాసింది చదవమన్నాడు.

“కుడి కన్ను, మరమ్మతు అవసరం. ఎడమ కన్ను, బాగుంది. కుడి చెయ్యి, వణుకు. ఎడమ చెయ్యి, కొంచెం వణుకు. సిఫారసు, జారీ చేయరాదు.”

“చివరిది మళ్ళీ చదువు.”

చదివాను.

“అంటే?”

“ఈ మనిషికి రైఫిల్ ఇవ్వకూడదని.”

“నేను నిన్ను కన్ను గురించి అడిగాను. చెయ్యి గురించి అడిగాను. ఇది అడగలేదు కదా.”

“చీటీ కింద ఆ గడి ఉంటుంది బాబా. ఖాళీగా వదలకూడదు.”

ఏసీ ఆగింది, మళ్ళీ మొదలైంది. బాబా చీటీని మడిచి తన పొడుగు అంగీ, దిష్‌దాషా, జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు కానీ తట్టలేదు.

మరమ్మతు అయిన రైఫిల్‌ని మా వర్క్‌షాపులో మళ్ళీ బల్ల మీదికి తెచ్చి, మళ్ళీ చూసి, పాత చీటీ చింపేసి కొత్తది కట్టేవాళ్ళం. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఆపరేషన్ చేయించుకుని వచ్చే ఏడు వెళ్దాం బాబా అని ఉంటే, ఆయన మంచం మీద ఇంకొంచెంసేపు కూర్చునేవాడేమో. చెప్పలేదు. పద్ధతి ప్రకారం గడి నింపాను. గాయపడిన జంతువు కొండల్లో పడి చావకూడదనే రాశాను, అది నిజం. నా పాస్‌పోర్టు తిరిగి బీరువాలోకి వెళ్ళిపోతుందని రాసేటప్పుడే నాకు తెలుసు, అదీ నిజం. ఏదీ నన్ను ఆ మాట చెప్పకుండా ఆపలేదు. తోచలేదు, అంతే. ఆ రోజు డైరీలో కూడా ఆ సంగతి లేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఇక్కడ నా కంటికి ఆపరేషన్ చేసి కట్టు విప్పిన రోజున తోచింది.

మర్నాడు శనివారం, బడి ఉంది. ఉదయం ఆరున్నరకు కారు కడుగుతుంటే బాబా బయటికి వచ్చాడు. దుకాణం నంబరు ఉన్న కాగితం ఇచ్చి, “ఖలాస్ అని చెప్పు,” అన్నాడు. హాలులోని ఫోను దగ్గరికి వెళ్ళాను. దుకాణం మనిషి అప్పుడే లేచినట్టున్నాడు.

“చెప్పు మిస్త్రీ సాబ్, ఏ నంబరు రాయను?”

“ఏదీ వద్దు.”

“ఆ మూడోదానిలో ఏం తప్పు దొరికింది నీకు?”

“దానిలో తప్పు లేదు. మంచి రైఫిల్. ఇంకెవరికైనా ఇవ్వు.”

పిల్లలు సంచులతో వచ్చి కారు ఎక్కారు. వాళ్ళను బడిలో దింపి ఏడుంపావుకు తిరిగి వచ్చాను. మామాను ఆఫీసుకు తీసుకెళ్ళే వేళ. తాళాలతో హాలులో నిలబడ్డాను. బాబా ఫోనులో ఉన్నాడు, అరబ్బీలో. ఆరేళ్ళలో నాకు ఆ మాత్రం అరబ్బీ తెలుసు. అవతల ఉన్నది వేట స్నేహితుల్లో ఒకాయన.

“నాకైతే రావాలనే ఉంది, వల్లా. నా ఉస్తాద్ రాలేనంటున్నాడు. అతనికి ఇక్కడ పని ఉంది. అతను లేకుండా నేను రాను. మీరు వెళ్ళండి.”

అప్పుడు నన్ను చూశాడు. ఫోను మీద అరచెయ్యి మూసి, హిందీలో అడిగాడు.

“అంతే కదా?”

“అంతే బాబా,” అన్నాను.

ఆయన చెయ్యి తీసి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. మెట్ల మీద నుంచి మామా పిలిచింది. నేను వెళ్ళి కారు స్టార్ట్ చేశాను.